చెప్పకుండా ఎత్తిన చెయ్యి

నిన్న బజారులో అంగడి ముందు నిలబడి ఉంటే, ఎవరో కార్బాలిక్ సబ్బు పెట్టె విప్పారు. ఆ వాసన ముక్కుకు తగిలింది. కొనాల్సింది కొనకుండానే ఇంటికి వచ్చేశాను. అది నాకు కరుణమ్మ సిస్టరు వాసన. ఆమె పోయి ఐదు నెలలవుతోంది. ఆమెను ఎన్నడూ చూడనివాళ్లకు ఆమె గురించి చెప్పాలంటే, ఆమె నేర్పిన పనితో మొదలుపెట్టి నేను చేసిన తప్పు దాకా రావాలి. మధ్యలో ఆపడానికి వీల్లేదు.

బళ్లారిలో మా చర్చి సంఘంవాళ్లకు ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. నర్సింగు చదివి నేను చేరేనాటికి ఆమె అక్కడ హెడ్ నర్సు. పొట్టి మనిషి, మోకాళ్ల నొప్పులు, నోరు మాత్రం గట్టిది. దుప్పటి మీద ముడత కనిపిస్తే చాలు, రోగుల ముందే మమ్మల్ని దులిపేసేది. ఆమెను తిట్టుకోకుండా నేను నిద్రపోయిన రోజు లేదు. చేరిన రెండో వారంలో, సండూరు ఇనుప గనుల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడైన ఒకాయన మా వార్డులో చనిపోయాడు. శుభ్రం చేయడానికి సాయం రమ్మని నన్ను పిలిచింది. ఆమె బకెట్టులో గోరువెచ్చని నీళ్లు తెచ్చుకుంది. చనిపోయినవాడికి వేడినీళ్లు దేనికని మనసులో విసుక్కున్నాను. ఆమె ఆయన మొహం దగ్గరికి వంగి, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"చెయ్యి ఎత్తుతాండానప్పా. గోళ్లల్లో ఎర్రదుమ్ము ఉండాది, తీయాల. మీ ఇంటోళ్లు వస్తాండారు."

మొహం తుడిచే ముందు చెప్పింది. పక్కకు తిప్పే ముందు చెప్పింది. నీళ్లు కొంచెం చల్లబడ్డాయి, ఏమనుకోవద్దంది. ఆయనకు వినిపిస్తుందా అని బయటికొచ్చాక అడిగాను.

"బతికుండంగా సూది వేసే ముందు చెప్తాం గదా. ఇప్పుడేందికి చెప్పకుండా ముట్టుకోవాల?" అంది. వినిపిస్తుందో లేదో మాత్రం చెప్పలేదు.

ఆమె దగ్గర నాలుగేళ్లు చేశాను. మొదట్లో సిగ్గుపడుతూ గొణిగేదాన్ని, తర్వాత నోరు తిరిగింది. ఆసుపత్రి మూతపడ్డాక కూడా ఆమె ఆ పని మానలేదు. మా సంఘంలో ఎవరు పోయినా పాస్టరుగారి కంటే ముందు ఆమెకే కబురు వెళ్లేది. మా చుట్టుపక్కల హిందువుల ఇళ్లలో ముసలివాళ్లు పోతే వాళ్లూ పిలిచేవారు. నేను మాత్రం నర్సు ఉద్యోగానికి మస్కట్ వెళ్లిపోయాను.

అక్కడ పదమూడేళ్లు ఉన్నాను. ప్రాణం పోతే గొట్టాలు తీయాలి, తుడవాలి, గుడ్డ చుట్టాలి, కాలి వేలికి చీటీ కట్టాలి. అంతే. ఆ మంచం కోసం కింద ఇంకొకరు ఎదురుచూస్తుంటారు. మొదటి రోజుల్లో నేను తెలుగులో మెల్లగా చెప్పేదాన్ని. తోటి నర్సు వింతగా చూసేది. ఏ రోజు మానేశానో నాకే తెలియదు. మానేశానని కూడా తెలియదు, అదే ఘోరం.

పోయిన ఏడాది తిరిగి వచ్చాను. వచ్చానని పేరే. మా ఆయన పొద్దున్నే తోరణగల్లు ఉక్కు కంపెనీ బస్సెక్కి వెళ్లిపోతే, నా సొంత వంటింట్లో ఉప్పు డబ్బా కోసం చుట్టాలావిడలా వెతుక్కునేదాన్ని. చేతి గడియారం గంటన్నర వెనక మస్కట్ లెక్కలోనే నడుస్తుండేది, మార్చబుద్ధి కాలేదు. మూడు నెలల్లోపు మనసు మార్చుకుంటే మళ్లీ చేర్చుకుంటామని అక్కడివాళ్లు రాశారు. ఆ ఉత్తరాన్ని రోజుకొకసారి చదువుకునేదాన్ని. ఇక్కడేమో చర్చి గుమ్మంలో ఎదురుపడినవాళ్లంతా ఒకటే మాట, కరుణమ్మకు చేతకావడం లేదు, ఇక ఆ పని నీదేనని. విననట్టు లోపలికి జారుకునేదాన్ని.

ఆమెను చూడటానికి వెళ్తే కాళ్లు వాచిపోయి మంచం మీద ఉంది. కుశల ప్రశ్నలేమీ లేవు.

"ఉంటావా, మళ్ల పోతావా?"

చూస్తానన్నాను.

"సుమ్నే, ఊరికినే చూస్తా చూస్తా అంటే ఎట్ల పాపా? నాకు నీళ్లు నువ్వే పోయాల. ఊరికే పోసేది కాదు, నీకు తెల్సు గదా."

మీరింకా మా అందరికీ పోసి పోతారులే సిస్టరమ్మా అని నవ్వేసి లేచాను. మళ్లీ వారం వస్తానన్నదాన్ని ఐదు వారాలు ఆ వీధి మొహం చూడలేదు. వెళ్తే జవాబు చెప్పాలి. పిరికితనం అంటే ఇదే కాబోలు.

ఒక మధ్యాహ్నం ఆమె చెల్లెలు ఎస్తేరమ్మ ఫోన్ చేసింది, అక్క పోయిందని. వెళ్లేసరికి గోరువెచ్చని నీళ్లు, సబ్బు సిద్ధంగా పెట్టి ఉన్నాయి. మస్కట్ నుంచి తెచ్చుకున్న గ్లౌజులు తొడుక్కున్నాను. ఏడవకూడదు, పని చెడుతుంది అనుకున్నాను. అంతే, పదమూడేళ్ల అలవాటు నన్ను లాక్కుపోయింది. చెయ్యి ఎత్తాను, తుడిచాను. పక్కకు తిప్పాను, తుడిచాను. తల దువ్వాను, తెల్లచీర కట్టాను. ఒక్క నీటిచుక్క కూడా పక్క మీద పడలేదు. ఎంత శుభ్రంగా చేశానో అని ఒక్క క్షణం గర్వపడ్డాను కూడా. చీటీ కోసం చెయ్యి జేబు వెతికింది. గుమ్మం దగ్గర నిలబడి అంతా చూస్తున్న ఎస్తేరమ్మ అప్పుడు నోరు విప్పింది.

"ఏందమ్మా సుగుణా, మా అక్కతో ఒక్క మాటన్నా మాట్లాడలేదే."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను గ్లౌజులు లాగేసి సిస్టరమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను. అప్పటికే మగవాళ్లు శవపెట్టె పట్టుకుని లోపలికి వచ్చేశారు.

ఆ మూడు నెలల గడువు దాటిపోయింది. జవాబు రాయలేదు. ఈమధ్య రెండు ఇళ్ల నుంచి కబురొస్తే వెళ్లాను, ఇద్దరితోనూ మాట్లాడుతూనే నీళ్లు పోశాను. సుగుణమ్మ ఊళ్లో కుదురుకుందని సంఘంలో సంతోషపడుతున్నారు. కుదురుకోవడం కాదది. అడిగి మరీ తనను నా చేతుల్లో పెట్టిన మనిషిని ముక్కూమొహం తెలియని శవాన్ని తుడిచినట్టు తుడిచాను. ఇక ఈ చేతులు తీసుకుని ఇంకే దేశం పోను?