అవ్వ కొన్న అంతరిక్షం ఆట

మా చిన్నప్పుడు... హిందూపురం బస్టాండు వెనక సందులో ఒక సీడీల అంగడి ఉండేది. రంజాన్ మరుసటి రోజు మధ్యాహ్నం, ఆ అంగడిలో మా అన్న బాబావలి ముక్కు పగిలింది... కొత్త చొక్కా అంతా రక్తం.

కొట్టింది మస్తాన్. మా చిన్నాయన కొడుకు. చిన్నాయన లారీ ప్రమాదంలో పోయాక, వాళ్ళమ్మ పరిగిలో పుట్టింటికి చేరింది. మస్తాన్‌ను మా నాయన చదివించడానికి ఇంటికి తెచ్చుకున్నాడు. వాడూ మా అన్నా ఒకే ఈడు... ఒకే తరగతి, ఒకే చాప మీద పడక.

నాయనది మోటార్లకు వైండింగ్ కట్టే అంగడి. ఆ ఏడాది బెంగళూరు నుంచి పాత కంప్యూటర్ ఒకటి తెచ్చాడు. దాంట్లో ఆడుకోవడానికి ఒక గేమ్ కొనాలని, పండగకు పెద్దవాళ్ళు ఇచ్చిన డబ్బులు ముగ్గురం కలిపాం.

అంగడిలో అంతరిక్షం ఆటలు రెండున్నాయి. ఒకటి కొత్తది, ఖరీదు. నక్షత్రాల మధ్య యుద్ధం... ఒకేసారి ఇద్దరు ఆడొచ్చు, ఓడలు పేలితే తెరంతా నిప్పు. రెండోది పాతది, చవక. తుపాకులు లేవు. ఒక గ్రహంలో సరుకు ఎక్కించుకుని, ఇంధనం చూసుకుంటూ, ఇంకో గ్రహం దగ్గర మెల్లగా ఓడను దింపాలి... అంతే.

అంగడి రమేషన్న కంప్యూటర్ ముందు స్టూళ్ళు వేశాడు. "ఏమప్పా, రెండూ ఆడి సూడండి. యాది కావాల్నో మీరే తేల్చుకోండి."

ముందు యుద్ధం పెట్టుకున్నారు. బాబావలి దూకుడు మనిషి. మస్తాన్ ఓడ ఇలా లేచిందో లేదో అలా పేల్చేశాడు. మళ్ళీ లేస్తే మళ్ళీ పేల్చాడు... పేల్చిన ప్రతిసారీ మస్తాన్ చెవి దగ్గరికి వంగి నవ్వాడు.

మస్తాన్ చెవులు ఎర్రబడ్డాయి. "చవకది కొందాం రా. మిగిలిన దుడ్లకి జాయ్‌స్టిక్ వస్తాది" అన్నాడు.

"ఓడిపోయినావని అంటాండావు."

"కాదు. అది శానా దినాలు ఆడచ్చు. ఇది రెండు దినాలకే యాసిరికొస్తాది."

అప్పుడన్నాడు మా అన్న ఆ మాట... "మా ఇంట్లో తింటా మాకే చెప్తాండావా?"

మస్తాన్ కీబోర్డు వైరుతో సహా లాగి మా అన్న ముఖం మీద కొట్టాడు. బాబావలి లేచి వాడి గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ వెళ్ళి గాజు కౌంటర్ మీద పడ్డారు... అద్దం ఫెళ్ళున పగిలింది. ఆ పెంకుల మీదే దొర్లుతూ కొట్టుకున్నారు. మస్తాన్ మా అన్న భుజం కొరికి పట్టు వదల్లేదు. విడదీద్దామని నేను మధ్యలో దూరాను... ఒక పెంకు మోచేతి కింద దిగింది. నా రక్తం చూశాక గానీ ఇద్దరూ ఆగలేదు.

రమేషన్న పగిలిన అద్దానికని మా డబ్బులు పట్టుకుని, నాయనకు ఫోన్ చేశాడు.

నాయన మోటారుకు వేసే రబ్బరు బెల్టు చేతిలో ఉండగానే వచ్చాడు. నాకు కట్టు కట్టించి, అందరినీ ఇంటికి తెచ్చి, వాకిలి గడియ వేశాడు. ముందు బాబావలిని కొట్టాడు. వాడు కిందపడి అరిచాడు. తర్వాత మస్తాన్‌ను... మస్తాన్ ఏడవలేదు. పళ్ళు బిగించి నాయన కళ్ళలోకే చూశాడు. వాడు ఏడవకపోయేసరికి నాయనకు ఇంకా పిచ్చి పట్టింది. బెల్టు దెబ్బలకు వాడి వీపు మీద చొక్కా చిరిగింది.

మా అవ్వ, నాయన వాళ్ళమ్మ, ఎప్పుడు వచ్చిందో తెలియదు. వచ్చి మస్తాన్ మీద వంగింది. అప్పటికే లేచిన బెల్టు ఆగలేదు... అవ్వ ఎడమ కంటి మీద పడింది.



అవ్వ కన్ను మూసుకునే, "ఇంగా కొట్టాలంటే కొట్టు నాయనా. నేను ఈడనే ఉండా" అంది.

నాయన బెల్టు వదిలేసి అక్కడే కూలబడ్డాడు. కాసేపటికి లేచి, అవ్వను బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆ కన్ను మళ్ళీ మునుపటిలా కాలేదు. నాయన మళ్ళీ ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు.

ఆ రాత్రి అవ్వ ఇంటికొచ్చేసరికి, మస్తాన్ బట్టలు సంచిలో కుక్కుకుని పరిగికి బయలుదేరాడు. అవ్వ సంచి లాక్కుని తల కింద పెట్టుకుని పడుకుంది.

వాపు కాస్త తగ్గాక, అవ్వ నన్ను వెంటబెట్టుకుని ఆ అంగడికి వచ్చింది. "కొట్టుకునేది లేనిది యాదుండాదో అది ఇయ్యప్పా."

"పిల్లోల్లు యుద్ధం ఆటే ఎక్కువ అడుగుతారవ్వా" అన్నాడు రమేషన్న.

"కాల్చేది వద్దు. మా ఇంట్లో అయిందే సాలు."

ఇంటికొచ్చి, ఇద్దరినీ చెయ్యి పట్టుకుని ఒకే కీబోర్డు ముందు కూర్చోబెట్టింది. ఓడ తిప్పే బటన్లు మస్తాన్ వైపు, వేగం బటన్లు బాబావలి వైపు. మాటల్లేవు... ఓడ పోయి గ్రహానికి గుద్దుకునేది. మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు... మళ్ళీ గుద్దుకునేది. అవ్వ ఒంటి కంటితో చూస్తూ వెనకే కూర్చునేది.

ఒక సాయంత్రం గ్రహం దగ్గరికొచ్చాక, మస్తాన్ తెర మీంచి చూపు తిప్పకుండా అన్నాడు... "తగ్గించు రా. గుద్దుకుంటాది."

"తగ్గిస్తాండా" అన్నాడు మా అన్న.

ఓడ దిగింది. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. కానీ బాబావలి లేచి వెళ్ళి, రెండు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చాడు.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. మస్తాన్ ఇప్పుడు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. బాబావలి నాయన అంగడి చూసుకుంటున్నాడు.

మా అబ్బాయి ఫోన్లో గేమ్ ఎంచుకోవడం చూస్తుంటాను... ఏది ఫ్రీ, ఏది డబ్బులది, ఆడినవాళ్ళు దాని గురించి ఏం రాశారు... అన్నీ చదువుతాడు. నచ్చకపోతే తీసి పారేస్తాడు. తలుపేసుకుని, ఏ దేశం వాళ్ళో తెలియని మనుషుల ఓడలను గంటల తరబడి పేలుస్తాడు. ఒంటి మీద ఒక్క గీత పడదు. ఓడిపోయినా పక్కన ఎవరూ ఉండరు... గెలిచినా ఉండరు.

మీ ఇంట్లోకి వచ్చిన మొదటి గేమ్ ఏది? దాని కోసం ఎవరితో కొట్టుకున్నారు? వాళ్ళతో ఇప్పుడు మాట్లాడుతున్నారా...