ఆపకుండా మోగిన గంట

ఆ బడి మెట్లంటే నాకు భయం. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి మెట్లకు భయపడిందంటే నవ్వుతారు. నవ్వనీ. కలకత్తా రేవు పక్కన వాట్‌గంజ్‌లో ఒక పాత గిడ్డంగి మేడ మీద ఉండేది మా తెలుగు బడి. పైకీ కిందకీ ఒకటే దారి, ఇరుకు చెక్క మెట్లు. మెట్ల అడుగున చిన్న వసారా, దానికి లోపలివైపు తెరుచుకునే ఇనుప గేటు. పిల్లలు బయటికి పరుగెత్తి లారీల కింద పడతారని బడి మొదలవగానే గేటుకు గొలుసు చుట్టి తాళం వేసేవారు. నేను రోజూ సంత్రాగాఛి నుంచి హౌరా దాకా లోకల్ ట్రైనులో, అక్కణ్ణుంచి లాంచీలో నది దాటి, బస్సెక్కి వచ్చేదాన్ని. అంత దూరం నిబ్బరంగా వచ్చి, ఆ తాళం పడిన చప్పుడు వినగానే కిటికీ దగ్గరికి పోయి నిలబడేదాన్ని.

మొదటినుంచీ అలా లేదు. పక్క సందులో జనపనార గోదాము అంటుకున్న రోజు నుంచి అలా అయింది. పొగ మా కిటికీల్లోంచి లోపలికి వచ్చేసింది. తాళంచెవి గేటు కాపలా కాసే దర్వాన్ దగ్గరుంది, దర్వాన్ టీకొట్టు దగ్గరున్నాడు. హెడ్మాస్టరు "కదలొద్దు!" అని అరిచారు. లెక్కల మాస్టరు "దిగండి!" అని అంతకన్నా గట్టిగా అరిచారు. నా ఒకటో తరగతి పిల్లలు ఇద్దరి మొహాలూ చూసి బెంచీల కిందకి దూరిపోయారు. మా బడిలో పెద్దవాళ్ళు అరిచారంటే ఆ తర్వాత వచ్చేది బెత్తమే మరి. వాళ్ళను కాళ్ళు పట్టుకుని బయటికి లాగాల్సి వచ్చింది. గాలి తిరిగి పొగ అటు మళ్ళింది కాబట్టి బతికాం. అందులో మా తెలివి ఏమీ లేదు.

ఆ తర్వాత రేవు కార్మికుల యూనియన్ తన సంక్షేమ నిధిలోంచి బడికి కొంత డబ్బు ఇస్తామంది. దేన్ని బాగుచేయాలో తేల్చడానికి సభ పెట్టారు. ఆ రోజుల్లో కలకత్తాలో టీ తాగాలన్నా ముందు సభ పెట్టేవారు. పిల్లల తల్లిదండ్రులంతా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో బతుకుతున్నవాళ్ళు. గోడలకు రంగు వేయమన్నారు కొందరు, ఫ్యాన్లు పెట్టించమన్నారు ఇంకొందరు. ఆ డబ్బుతో టీచర్లకు ట్రైనింగ్ ఇప్పించాలని హెడ్మాస్టరు అనగానే సభంతా ఘొల్లున నవ్వింది.

"పంతుళ్ళకి పాటాలేటి? ఈళ్ళకే రాకపోతే మా పిల్లలకేటి సెప్తన్నారు?" అన్నాడు వెనకనుంచి ఒక ముఠా మేస్త్రీ.

నవ్వులు ఆగాక యూనియన్ సెక్రటరీ లేచాడు. ఆయనదీ శ్రీకాకుళం వైపే. "రంగేసిన గోడ కాలదేటి దాదా? ఆ దినం పిల్లల్ని దింపడం ఎవులికీ తెలీనేదు. ముందు అది నేర్సుకోనీండి," అన్నాడు. అలా డబ్బు మాకు దక్కింది. కానీ ఒక మెలిక కూడా పెట్టాడు. పిల్లలు క్షేమంగా దిగడం తన కళ్ళతో చూడాలి, లేదంటే మిగిలిన డబ్బు ఫ్యాన్లకు పోతుంది.

శనివారాల్లో ఒక బెంగాలీ ఆవిడ వచ్చి నేర్పేది. దీదీ అనేవాళ్ళం. ఆవిడ గొంతు పెంచగా నేనెన్నడూ వినలేదు. మమ్మల్ని పిల్లల బెంచీల మీద కూర్చోబెట్టింది. మోకాళ్ళు పట్టక లెక్కల మాస్టరు అవస్థ పడుతుంటే నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. తర్వాత బెత్తాలన్నీ తెచ్చి బల్ల మీద పెట్టమంది. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. "పిల్లకు మంటన్నా భయమే, మీరన్నా భయమే అయితే, అది ఎటు పరుగెత్తుతుంది?" అని హిందీలో అడిగింది. బెంచీల కింద నుంచి నన్ను చూసిన ఆ కళ్ళు గుర్తొచ్చి నేను తల వంచుకున్నాను.

కళ్ళకు గంతలు కట్టి మా చేత ఆ మెట్లే దింపించింది. గోడ తడుముకుంటూ ఒకరి వెనక ఒకరం దిగాం. ఎక్కడైనా దారి మూసుకుపోతే తోసుకోవద్దు, పిల్లల్ని ఉన్నచోటే కూర్చోబెట్టండి, అదీ తగ్గు గొంతుతో చెప్పండి అనేది. "కూచోండి బంగారం" అనడం లెక్కల మాస్టరు నోటికి పట్టేసరికి తాతలు దిగివచ్చారు. గేటుకు గొలుసు తీయించి గడియ ఒక్కటే ఉంచారు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

చూపించాల్సిన రోజు రానే వచ్చింది. సెక్రటరీ వసారాలో నిలబడ్డాడు. ప్రమాదం అని తెలియాలి కాబట్టి గంట ఆపకుండా కొట్టాలని దీదీ చెప్పింది. మా గంట వేలాడదీసిన రైలు పట్టా ముక్క. దర్వాన్ దాన్ని ఖణఖణా వాయించాడు. అందరికన్నా చిన్నవాళ్ళు ముందు దిగాలి కాబట్టి నేను నా పిల్లలతో ముందు దిగాను. నా చేతిలో ఒక పాప చెయ్యి ఉంది. దాని తండ్రి రేవులో బస్తాల దొంతర మీద పడి చనిపోయాడు. తల్లి రేవు గేటు దగ్గర మరమరాలు అమ్మి ఈ ఒక్కదాన్నీ పెంచుకుంటోంది.

వసారాలోకి వచ్చేసరికి బయట జోరున వాన పడుతున్నట్టు చప్పుడు. వాన కాదు, పరుగెత్తుకొస్తున్న కాళ్ళు. సందు మలుపులోంచి ఆడవాళ్ళు, పిండి అంటిన చేతులతో, తడి చీరలతో, ముడులు ఊడిపోయి వచ్చేస్తున్నారు. "ఓలమ్మో, ఏటయిపోనాదో!" అంటూ గేటు మీద పడ్డారు. గడియ ఊడింది. గేటు రెక్క లోపలికి విరుచుకుని వచ్చి మమ్మల్ని గోడకు నొక్కేసింది. వెనక బడంతా మెట్లు దిగుతోంది. పైనున్నవాళ్ళకు కింద ఏమైందో తెలియదు.

ఊపిరి అందలేదు. పాప మొహం నా పొట్టకు నొక్కుకుపోయి ఉంది, అది ఊపిరి తీస్తోందో లేదో నాకు తెలియడం లేదు. మెట్లు కిర్రుమంటున్నాయి. ఇక్కడే, నా చేతుల్లోనే ఈ పిల్లలు పోతారనుకున్నాను. గట్టిగా అరవబోయాను. అప్పుడు పైనుంచి వినపడింది, ఎన్నడూ బెత్తం లేకుండా మాట్లాడని లెక్కల మాస్టరు గొంతు. "కూచోండి బంగారం. ఉన్నచోటే కూచోండి." నేనూ అదే మాట అందుకున్నాను. ఒక మెట్టు కూర్చుంది, దాని పై మెట్టు కూర్చుంది, అలా పైదాకా కూర్చుంటూ పోయారు. వెనకనుంచి తోపు ఆగింది. సెక్రటరీ వీపుతో గేటును నెడుతూ, "పిల్లలు బాగున్నారమ్మా! ఎనక్కెల్లండి!" అని మొత్తుకున్నాడు. నేను పాప మొహం పైకెత్తి చూశాను. ఊపిరి తీస్తోంది.

దాని తల్లి వచ్చి నా జబ్బ పట్టుకుంది. గోళ్ళు దిగిపోయాయి.

"ఆ గంటేల కొట్టినారు? ఆ గంటే గదా మా మావని తీసుకుపోనాది!"

అప్పుడు గానీ నాకు తెలియలేదు. రేవులో షిఫ్టు గంట ఆగి ఆగి మోగుతుంది. ఆపకుండా మోగిందంటే ఎవరో పడ్డారని. ఆ మోత వింటే ఆ వాడ ఆడవాళ్ళు చేతిలో ఉన్నది ఉన్నట్టే వదిలేసి పరుగెత్తుతారు. ఎవరి మనిషో చూసుకునేదాకా ఆగరు. అలాంటి మోత బళ్ళోంచి వచ్చింది. రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన నాకు అది తెలియదు, దీదీకి అసలే తెలియదు. తెలిసిన సెక్రటరీకి బడి గంటతో ముడిపెట్టాలన్న ఊహే రాలేదు.

మళ్ళీ సభ. ఈసారి ఎవరూ నవ్వలేదు. ట్రైనింగూ వద్దు, గియినింగూ వద్దు, ఫ్యాన్లు పెట్టించండి అన్నారు. గంట మార్చేస్తే సరిపోతుంది కదా అన్నాడు సెక్రటరీ. ఇక అంతా అయిపోయినట్టేనని నాకు ఏడుపొచ్చింది. వెనక ఆడవాళ్ళలోంచి పాప తల్లి లేచింది.

"గంట మార్సేత్తే సాలదు బాబూ. రేపు పొగ కనపడితే మేం పరిగెత్తుకు రామేటి? మళ్ళీ మేమే నొక్కి సంపేత్తాం. పంతుళ్ళకి నేర్పినట్టే మాకూ నేర్పండి."

మిగిలిన డబ్బు దానికే పోయింది. పట్టా ముక్క తీసేసి చేతి గంట కొన్నారు. గేటు బయటికి తెరుచుకునేలా మార్చారు. అంటే ఇక తల్లులు దాని మీద పడితే లోపలివాళ్ళు బయటికే రాలేరు. అందుకని వాళ్ళు సందుకు అవతల టీకొట్టు పక్కన వరసగా నిలబడాలి, పిల్లల్ని పంపేదాకా సందు దాటకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే పిల్ల వరస వదిలి పరుగెత్తుతుంది, వెనకవాళ్ళు దాని మీద పడతారు. వాళ్ళను అలా నిలబెట్టడానికి దీదీకి మా చేత బెత్తాలు కింద పెట్టించడానికన్నా ఎక్కువ రోజులు పట్టింది.

మళ్ళీ గంట కొట్టిన రోజు కూడా నా పిల్లలతో నేనే ముందు నడిచాను. మెట్లు దిగి గేటు తోశాను, తెరుచుకుంది. సందుకు అవతల తల్లులంతా ఒకరి చేతులొకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు. పాప తల్లి చివర ఉంది. చీర కొంగు పళ్ళ మధ్య బిగించి పట్టుకుంది. కూతురు ఆమె కళ్ళెదుటే వరసలో నడిచి వెళ్ళింది. ఆమె చూస్తూ ఉండిపోయింది.

ఆఖరి పిల్లాడు కూడా బయటికి వచ్చాడు. సెక్రటరీ తల తిప్పేసుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆమె నోట్లోంచి కొంగు తీసి నన్ను అడిగింది.

"టీచరమ్మా, ఇప్పుడు పిలవొచ్చేటి?"

పిలవమని తలూపాను. నోరు తెరిచింది గానీ ఆమెకు గొంతు రాలేదు. ఆమె బదులు నేను పిలిచాను.