ప్లాంకిన మందు

నా చిన్నప్పుడు గద్వాలలో మా నేతగాళ్ల వీధికి యేసు కథలు చెప్పే బైబిలమ్మ ఒకామె వచ్చేది. ఇంటింటా మగ్గం చప్పుడే గనుక ఆమెకు గట్టిగా మాట్లాడడం అలవాటైపోయింది. తెల్లచీర, చంకలో గుడ్డసంచి, ఎండకు కమిలిన మొహం. మా అమ్మ రాట్నం మీద నూలు కండెలు చుడుతుంటే గడపలో కూర్చుని ఏదో ఒక కథ చెప్పేది, చెంబెడు నీళ్లు తాగి వెళ్లేది. మా అవ్వకు మాత్రం ఆమెను చూస్తే నోరు ఊరుకునేది కాదు.

"అగో, ఒచ్చింది యేసుసామి సుట్టం."

"నీకు గూడ సుట్టమే గదవ్వా" అని ఆమె నవ్వేది.

ఆ ఏడు మా తమ్ముడికి జ్వరం పట్టుకుంది. మూడేళ్లవాడు, నా వెంటే తిరిగేవాడు. మొదట వేపమండలు వేశారు, తర్వాత బీచుపల్లి ఆంజనేయస్వామికి ముడుపు కట్టారు. దవాఖాన మందు తాగించారు. నాయన మగ్గం ఆపేసి కర్నూలు పెద్ద దవాఖాన దాకా తీసుకుపోయి, అట్లాగే భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. అమ్మ రాట్నం కూడా వాడి పక్కకే తెచ్చుకుంది. వాడి మెడ అప్పటికే బిగుసుకుపోయింది.

అటువంటి రోజుల్లోనే బైబిలమ్మ వచ్చి కుష్ఠురోగి కథ చెప్పింది. ఊరంతా వెలివేసిన మనిషి, నీకు ఇష్టమైతే నన్ను బాగు చెయ్యమని యేసు కాళ్ల మీద పడ్డాడట. మా అమ్మ చేతిలో రాట్నం ఆగింది. "మన పుస్తకంల కనికరం అని రాసిండ్రు గాని, మా నాయన పాదిరి సదువు సదివినోడు, గ్రీకు బాసల ఇంకో మాట ఉందని చెప్తుండె. స్ప్లాంఖ్న. గది పుట్టింది ఆయనకు. పుట్టంగనే చెయ్యి సాపిండు, రోగం పోయింది" అని ఆమె చెప్పింది.

నేను రెండో తరగతి. నాకు వినపడింది ప్లాంకిన అని. చలిజ్వరానికి కినైన మందు ఉన్నట్టే, దానికంటే పెద్ద రోగాలకు ప్లాంకిన అనే మందు ఒకటి ఉందని అనుకున్నాను. ఇంత మంది పెద్దవాళ్లుండి దాన్ని అడగాలని ఒక్కరికీ తోచలేదే అని ఆశ్చర్యపోయాను. నవ్వకు బిడ్డా, నేను చెప్పేది రాసుకుంటూ నవ్వితే రాత తప్పుతావు.

ఆ రోజుల్లో దవాఖానలో మందు పోయించుకోవాలంటే సీసా మనమే తీసుకుపోవాలి. ఆముదం సీసా ఒకటి బూడిదతో తోమి, ఎవరికీ చెప్పకుండా పోయి వరసలో నిలబడ్డాను. కాంపౌండరు సీసా వాసన చూసి మొహం చిట్లించాడు.

"ఏం గావాలె పిల్లా?"

"ప్లాంకిన."

"కినైననా? ఎవలికే, చలిజరమా?"

"కినైన గాదు, ప్లాంకిన. యేసుసామి కాడ ఉంటది."

"గట్లయితే ఆయన్నే అడుగుపో. మా బీరువల లేదు" అన్నాడు. వరసలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి నవ్వారు. ఒక ముసలాయన "నాకు గూడ జర తెచ్చిపెట్టు బిడ్డా, మోకాళ్లు గుంజుతున్నయి" అన్నాడు. నాకు సిగ్గు వేయలేదు. ఆయన్నే అడుగుపో అన్నాడు గదా, అంటే మందు ఉన్నట్టే. ఖాళీ సీసా పట్టుకుని బైబిలమ్మ ఇంటికి పరుగెత్తాను.

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను చెప్పింది విని ఆమె నవ్వలేదు. చాట పక్కకు పెట్టి నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"అది మందు గాదమ్మా. యాటను కోసినప్పుడు సూసినవు గద, లోపట కార్జం, గుండెకాయ, పేగులు? గవన్నిట్ని గ్రీకోళ్లు గా మాటతోని అంటరు. మనం గూడ అనమా, కడుపు తరుక్కపోయిందని, పేగు కదిలిందని? దూరంకెల్లి సూసి అయ్యో అంటే గది వేరే. ఇది లోపటికి చెయ్యి పెట్టి పిండినట్టుంటది. ఆయనకు గట్లయింది."

"నీకయితదా?"

నా చేతిలో సీసా తీసుకుని చాట పక్కన పెట్టింది. "అయితది. మీ తమ్ముని సూసినకాన్నుంచి అయితనే ఉంది."

"మరి రా. నువ్వు గూడ చెయ్యి సాపు."

ఆమె రాకుండా ఉండాల్సింది అని ఇప్పటికీ ఒక్కోసారి అనుకుంటాను. కానీ ఏడేళ్ల పిల్ల చెయ్యి పట్టి లాగుతుంటే ఎట్లా రాకుండా ఉంటుంది? వీధి పొడుగునా నేనే ముందు నడిచాను. ఇంట్లోకి పోయేసరికి నా మొహంలో ఏం కనపడిందో ఏమో, అమ్మ లేచి నిలబడింది. నాయన కర్నూలు నుంచి వచ్చినప్పటి నుంచి వాడిని విడిచి కదలని మనిషి, చీర కొంగు సర్దుకుని, వాడి పక్కన ఆమెకు చోటిచ్చింది.

"తగ్గుతదంటనా?" అని అడిగింది. ఆమెను కాదు, నన్ను.

"ఆ, అమ్మా" అన్నాను.

బైబిలమ్మ వాడి నుదుటి మీద చెయ్యి పెట్టింది. రెండో చెయ్యి తన పొట్ట మీద పెట్టుకుని ఇంత గట్టిగా నొక్కుకుంది. పెదవులు కదిలాయి గానీ గట్టిగా మాట్లాడే ఆ మనిషి నోట్లోంచి ఒక్క ముక్క వినపడలేదు. ఎగతాళి చేసే మా అవ్వ కూడా గోడకానుకుని దండం పెట్టుకుంటూ నిలబడింది. వాడు కళ్లు తెరుస్తాడని నేను రెప్ప వేయకుండా చూశాను. బైబిలమ్మ చెయ్యి తీశాక నేను పెట్టి చూశాను. వాడి ఒళ్లు అట్లాగే కాలుతోంది.

మర్నాడు మధ్యాహ్నం వాడు పోయాడు.

తర్వాత వీధంతా వచ్చింది. దేవుడిచ్చాడు, దేవుడు తీసుకున్నాడు అని ఒకరు, మళ్లీ మీ కడుపునే పుడతాడు అని ఒకరు. బైబిలమ్మ ఆ మాటలేవీ అనలేదు. వాకిట్లో మట్టిలో కూలబడి, వంగి, పొట్ట పట్టుకుని కూర్చుంది. కడుపునొప్పి వచ్చినవాళ్లు కూర్చుంటారే, అచ్చం అట్లా. ఆ మాటకు అర్థం నాకప్పుడు తెలిసింది. ఆమె చెప్పింది నిజమే. ఆమెకు పేగు కదలక కాదు వాడు పోయింది. యేసుకు కదిలితే రోగం పోయిందట. మనుషులకు కదిలితే కదలడమే మిగులుతుంది. మా అమ్మ ఆ తర్వాత ఎన్నేళ్లు బతికినా నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఏ సంగతైనా నన్ను అడిగి నమ్మడం మాత్రం మానేసింది.

ఇది మంచి కథ కాదు, నాకు తెలుసు. ఇందులోంచి ఏం నేర్చుకున్నావు అవ్వా అని అడుగుతావు. మొన్న వనపర్తి దవాఖానలో నా పక్క మంచం మీద ఒక పిల్లవాడిని పడుకోబెట్టారు చూడు, గొట్టాలు పెట్టి. నాకు బొడ్డు కింద అదే మెలిక, పిండినట్టు. అది పోలేదు, పోదు కూడా. వాడి తల్లి ఏదో అడగబోతున్నట్టు, ఆనాడు మా అమ్మ చూసినట్టే, నా మొహంలోకి చూసింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను గానీ, మొహం గోడవైపు తిప్పుకున్నాను.