కరెంటు పోయినప్పటి పాటలు

నాన్నను మేం బాపు అంటాం. బాపుకు పవర్‌లూమ్ షెడ్డులో ఒక సోపతి, ప్రాణస్నేహితుడు ఉండేవాడు. ఇరవై ఏళ్లు ఇద్దరివీ పక్కపక్క మగ్గాలే. కరెంటు పోయి మగ్గాలన్నీ ఆగగానే ఆయన పాట ఎత్తుకునేవాడు. కాలేజీ రోజుల్లో ఒకసారి ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి, నేను రాసుకున్న చిన్న ప్రోగ్రాంతో ఆ పాటలు గంటసేపు రికార్డు చేశాను. ఆయన చనిపోయిన మూడేళ్లకు ఆ ఫైలు పాత హార్డ్‌డిస్క్‌లో దొరికింది.

ఏ ప్లేయర్‌లోనూ అది తెరుచుకోలేదు. నా ప్రోగ్రాం ఉత్త శాంపిళ్లను, అంటే గొంతును సెకనుకు వేలసార్లు కొలిచిన అంకెలను మాత్రమే దాచింది. వాటిని ఏ వేగంతో మోగించాలో ఫైల్లో ఎక్కడా లేదు. నాకు గుర్తుంది కాబట్టి, ప్లేయర్ నేనే రాయడం మొదలుపెట్టాను.

రెండు రోజుల్లో ఒకటి తయారైంది. ఫైలంతా ఒకేసారి మెమరీలోకి లాగేది. కంప్యూటర్ కాసేపు బిగుసుకుపోయి, తర్వాత పాట చిటపటలతో తెగి తెగి వచ్చేది. బాపు విని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"గిది ఆయన గొంతే కదరా! ఇంకింత పెంచు."

"జర ఆగు బాపు. గీ చిటపట పోయినంక మంచిగ ఇనిపిస్త."

"గట్లనే ఉండనియ్యి, ఏం ఫికర్ లేదు."

నేను ఆపేశాను. సగం పని ఎవరికైనా చూపించడం నాకు నామోషీ.

ఫైలును చిన్న ముక్కలుగా చదివి, ఒకటి మోగుతుండగానే తర్వాతిది సిద్ధంగా ఉంచేలా మళ్లీ రాశాను. చిటపట పోయింది. అక్కడితో ఆగలేదు. ప్రాసెసర్ మీద భారం ఇంకా తగ్గించాలని కూర్చున్నాను. అది ఎవరూ అడగలేదు. బాపు మాత్రం "అయ్యిందా?" అని రెండు మూడుసార్లు అడిగాడు. నాలుగు నెలలు గడిచాయి.

మగ్గాల మోతకు బాపు చెవులు అప్పటికే సగం దెబ్బతిన్నాయి. ఆ వానాకాలంలో జ్వరం వచ్చి తగ్గాక మిగిలిన సగమూ దాదాపు పోయింది. కరీంనగర్ డాక్టరు చెవికి మిషన్ ఇచ్చాడు. ఇంటికి రాగానే పాట పెట్టాను. ఎక్కడా తెగలేదు.

బాపు మిషన్‌ను చెవిలోకి ఇంకాస్త నొక్కుకున్నాడు.

"ఏదో మోగుతుంది గని సమజైతలేదురా. ఏం పాట?"

చెవి దగ్గర గట్టిగా చెప్పాను. చరణం చరణం చెప్పాను. నా గొంతులో అది పాటలా లేదు. కాసేపటికి ఆయనే నా భుజం తట్టి, "ఇగ చాలు. ఆయన బిడ్డ హుస్నాబాద్‌ల ఉన్నది కదా, ఆమెకియ్యి" అన్నాడు.

ఆదివారం వెళ్లి ఆమె కంప్యూటర్‌లో ప్లేయర్ ఎక్కించాను. తండ్రి గొంతు రాగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాటలన్నీ అయ్యేదాకా కదల్లేదు. తర్వాత నా వైపు తిరిగింది.

"మీ బాపు ఇన్నడా, తమ్మీ?"

"ఇన్నడక్కా" అన్నాను.