ప్రేమలీల పెరట్లో ఎర్రమూతి పిట్టలు

ప్రేమలీలకు రక్తమంటే భయం లేదు, సూదులంటే భయం లేదు, మాత్ర మింగనని మొండికేసే పెద్దాయనలంటే అసలే భయం లేదు. కివీల దేశంలో, సముద్రం ఒడ్డునున్న టౌరంగాలోని ఒక వృద్ధాశ్రమంలో ఆమె నర్సు. ఆమె డ్యూటీలో ఉందంటే కారిడార్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మాట వినబడుతూనే ఉంటుంది. "ఆంటీ గొంతు వింటే చాలు, పడుకున్నవాళ్లు కూడా లేచి కూర్చుంటారు" అని అక్కడ పనిచేసే తెలుగు పిల్లలు నవ్వుకుంటారు. అంతటి మనిషికీ ఒక భయం ఉంది. రెక్కలున్న ఏ ప్రాణి దగ్గరికొచ్చినా ఆమె ఆ చుట్టుపక్కల ఉండదు.

చిన్నప్పుడు బాపట్లలో మేనత్తగారి కోడిపుంజు వెంటపడి పిక్క మీద పొడిచింది. మచ్చ మాసిపోయింది గానీ భయం మాత్రం అలాగే ఉండిపోయింది. బీచికి వెళ్తే సీగల్ పక్షులు వస్తాయని కారు అద్దాలు బిగించుకుని లోపలే కూర్చుని ఫిష్ అండ్ చిప్స్ తింటుంది. ఒకసారి చర్చి హాల్లోకి పిచ్చుక దూరితే ప్రార్థన మధ్యలో లేచి బయటికి నడిచింది. ఆమె భర్త ఫ్రెడ్రిక్ కివీ పళ్ల ప్యాక్‌హౌస్‌లో సూపర్‌వైజరు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆయన ఈ కథ చెప్తాడు, ఆమె ప్రతిసారీ కొత్తగా కోప్పడుతుంది.

అలాంటి ప్రేమలీల నవంబరు చివర్లో ఒక ఉదయం, ఇక్కడ వసంతం ముగిసే రోజుల్లో, పెరటి తలుపు తీసి కెవ్వున అరిచింది.

దండెం మీద ఆరేసిన, నేల తుడిచే మాప్‌ని పట్టుకుని ఒక పిట్ట తలకిందులుగా వేలాడుతోంది. పిచ్చుక కంటే చిన్నది. ముక్కు చుట్టూ ముఖమంతా పండుమిరపకాయ రంగు, ఆ వెనక తెల్లటి చెంపలు, నడినెత్తిన నల్లటి టోపీ. వీపు లేత గోధుమ రంగులో మామూలుగానే ఉంది గానీ, నల్లటి రెక్క మీద మాత్రం పసుపుపచ్చటి పట్టీ ఒకటి మెరిసిపోతోంది. కాళ్లతో మాప్‌ని గట్టిగా పట్టుకుని ముక్కుతో ఒక్కో పోగూ లాగుతోంది.

అరుపు విని కూతురు లవ్లీ పరిగెత్తుకొచ్చింది. యూనివర్సిటీలో చదువుతున్న పిల్ల. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, మాట్లాడాలంటేనే బద్ధకం.

"మమ్మీ, అది జస్ట్ గోల్డ్‌ఫించ్! అరవకు, పాపం భయపడుతుంది."

"అది భయపడటమేంటే? భయపడింది నేను! నా మాప్‌తో దానికేం పని?"

"నెస్ట్ కట్టుకుంటోంది. సో స్వీట్!"

"స్వీటూ లేదు, హాటూ లేదు. తోలెయ్ దాన్ని."

పిట్ట ఎవరూ తోలకుండానే నోటినిండా పోగులు పెట్టుకుని, ఎగిరెగిరి పడుతున్నట్టు గాల్లో తేలుతూ వెళ్లింది. వెళ్లి ఎక్కడో దూరాన వాలినా బాగుండేది. వెనక మెట్ల పక్కనున్న నిమ్మచెట్టులో దూరింది. ప్రేమలీల రోజూ డ్యూటీకి కారెక్కడానికి ఆ మెట్లే దిగాలి.

మర్నాటి నుంచి ఆమె ముందు తలుపు గుండా వెళ్లి, ఇల్లంతా చుట్టి కారు దగ్గరికి వచ్చేది. కానీ వంటింటి కిటికీ సరిగ్గా నిమ్మచెట్టుకు ఎదురుగా ఉంది. అద్దం అడ్డం ఉంది కాబట్టి భయం లేదు. గిన్నెలు కడుగుతూ చూడటం మొదలుపెట్టింది. చూడగా చూడగా గిన్నెలు తోమడానికి పట్టే టైము పెరిగిపోయింది.

గూడు కట్టేదంతా ఆడదే. మగది వెనకే తిరుగుతూ, పక్క కొమ్మ మీద కూర్చుని గలగలా పాడుతుంది తప్ప ఒక్క పుల్ల ముట్టదు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఈ బద్ధకాన్ని బట్టే ప్రేమలీల మగదాన్ని గుర్తుపట్టింది.

"పాడితే చాలనుకుంటున్నాడు మహానుభావుడు" అంది ఫ్రెడ్రిక్‌తో. ఆయన చర్చి క్వయర్‌లో పాడతాడు. టీ కప్పు తీసుకుని హాల్లోకి వెళ్లిపోయాడు.

నాచు, గొర్రె ఉన్ని, సాలీడు దారం, మాప్ పోగులు అన్నీ కలిపి టీకప్పంత గూడు అయింది. అంచులు ఎంత నున్నగా తిప్పిందంటే దర్జీ కుట్టినట్టుంది. ఆడపిట్ట గూట్లోంచి లేచి వెళ్లిన ఒక్క క్షణంలో లవ్లీ ఫోను పైకెత్తి ఫొటో తీసింది. లేత నీలం కలిసిన తెల్లటి గుడ్లు, వాటిమీద ఎర్రటి చిన్న చిన్న చుక్కలు. ఆ ఫొటో వృద్ధాశ్రమంలో చేయి చేయీ మారి, మాత్రలు మింగించడానికి లంచంగా పనికొచ్చింది.

ఆడది పొదగడానికి కూర్చున్నాక మగదాని సంగతి తెలిసింది. ఎక్కడెక్కడో తిని వచ్చి, ఆ తిన్నది బయటికి తీసి గూట్లో కూర్చున్న పెళ్లాం నోటికి అందిస్తోంది. ఆడది రెక్కలు వణికిస్తూ చంటిపిల్లలా నోరు తెరుస్తుంది.

"ఏవండీ, ఇలా రండి. చూడండి. మొగుడంటే అలా ఉండాలి."

"నోట్లోంచి తీసి పెట్టమంటావా ప్రేమా?" అన్నాడు ఫ్రెడ్రిక్.

అయినా ఆ శనివారం ఆయనే ఉప్మా చేశాడు. ఉప్పు ఎక్కువైనా ప్రేమలీల మొత్తం తినేసింది.

అసలు గొడవ డిసెంబరు చివర్లో వచ్చింది. పెరటి చివర కంచె వెంట ముళ్లమొక్కలు ఏపుగా పెరిగాయి. ఇక్కడివాళ్లు థిసిల్ అంటారు. ఊదారంగు పువ్వు పూసి, ఎండాక దూదిలా విచ్చుకుని, గింజలు గాల్లో ఎగురుతాయి. అవి ఎగిరి వాలేది పక్కింటి గ్రాహమ్ లాన్ మీద. గ్రాహమ్ రిటైరైన బిల్డరు. ఆయన లాన్ బిలియర్డ్ బల్ల మీద గుడ్డలా ఉంటుంది. కంచె మీదుగా తల పెట్టి, మర్యాదగానే, ఆ మొక్కల్ని తీసేస్తే బాగుంటుందని చెప్పాడు. ఫ్రెడ్రిక్ అదే రోజు కలుపు మందు కొని, స్ప్రేయర్ భుజానికి తగిలించుకుని బయల్దేరాడు.

ప్రేమలీల కిటికీలోంచి చూసింది. ఆ ముళ్లమొక్కల మీదే మగపిట్ట వేలాడుతోంది. సన్నగా, మొనదేలిన ముక్కును మరే పిట్టా పెట్టలేని ఆ ముళ్ల మధ్యకు దూర్చి, గింజ లాగి, పొట్టు ఊదేస్తోంది. ఎర్రటి ముఖానికి తెల్లటి దూది అంటుకుని ఉంది. కాసేపటికి అది గూటికి వెళ్తే ఆడది లేచి జరిగింది. కింద నుంచి సన్నటి మెడలు, ఎర్రటి నోళ్లు పైకి లేచాయి. పిల్లలు పుట్టాయి!

ఆమె చేతులకున్న సబ్బునురగతోనే పెరట్లోకి పరిగెత్తింది.

"ఆగండి! ఆ మొక్కల జోలికి వెళ్లకండి."

"నిన్నటిదాకా పిట్టంటే పారిపోయేదానివి కదే?"

"ఇప్పుడూ పారిపోతాను. అది వేరే సంగతి. వాటి కిరాణా కొట్టు అది. పిల్లలు పుట్టిన ఇంట్లో కొట్టు మూయిస్తారా ఎవరైనా? పైగా మందు కొట్టిన గింజలే పట్టుకెళ్లి పిల్లలకు పెడతాయి."

"మరి గ్రాహమ్‌తో ఏం చెప్పను?"

"నేను చెప్తాను."

బనానా కేక్ పట్టుకుని వెళ్లి చెప్పింది. గ్రాహమ్ కేకు తీసుకున్నాడు, మాట మాత్రం తీసుకోలేదు. పిట్టలకు దేశమంతా థిసిల్ ఉందని, అవి కూడా మీలాగే ఎక్కడినుంచో వచ్చి స్థిరపడ్డవేనని, ఇంగ్లండు నుంచి ఓడల్లో తెచ్చి వదిలారని చెప్పాడు. "అలాగైతే మీ తాతలూ ఆ ఓడల్లో వాటితోపాటే వచ్చారన్నమాట" అంది ప్రేమలీల. గ్రాహమ్‌కి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. ముళ్లమొక్కలు అలాగే ఉన్నాయి, ఆ తర్వాత కొన్నాళ్లు కంచె దగ్గర గుడ్ మార్నింగ్ పొడిపొడిగానే సాగింది.

క్రిస్మస్ అయి కొత్త సంవత్సరం వచ్చాక పెద్ద గాలివాన వచ్చింది. సముద్రం మీద తుపాను బలహీనపడి ఈ తీరానికి కొట్టుకొస్తే వేసవిలో అప్పుడప్పుడూ ఇలాగే అవుతుంది. ఫ్రెడ్రిక్ డ్యూటీలో ఉన్నాడు. మధ్యాహ్నం ఫెళ్లున చప్పుడైంది. ప్రేమలీల కిటికీ దగ్గరికి వెళ్లి చూస్తే నిమ్మచెట్టు కొమ్మ చీలి కిందికి వేలాడుతోంది. గూడు పక్కకు ఒరిగింది. మూడు పిల్లలు అంచుని కరుచుకుని ఉన్నాయి. ఒకటి కింద గడ్డిలో పడి నోరు తెరుస్తోంది. తల్లీతండ్రీ చుట్టూ అరుస్తూ తిరుగుతున్నాయి.

"లవ్లీ! గొడుగు పట్టుకురా! నా బ్యాగు కూడా!"

ఆ తర్వాత ఏమైందో ప్రేమలీలకు సరిగ్గా గుర్తు లేదు. లవ్లీ చెప్తేనే తెలిసింది. వానలో మోకాళ్ల మీద కూర్చుని, గడ్డిలోని పిల్లను రెండు అరచేతుల్లోకి తీసుకుంది. తల్లిపిట్ట ఆమె జుట్టుకు రెక్క తగిలేంత దగ్గరగా ఎగిరినా తల తిప్పలేదు. "ఏం కాదమ్మా, ఏం కాదు, అయిపోయింది" అని, ఇంజెక్షన్ చేసేటప్పుడు ముసలివాళ్లతో అనే మాటే దానితోనూ అంటూ, మెల్లగా గూట్లో పెట్టింది.

కొమ్మను పైకెత్తి పట్టుకుంది గానీ వదిలితే జారిపోతోంది. అప్పుడే కంచె అవతల నుంచి గ్రాహమ్ గొంతు వినబడింది.

"కదలకండి, వస్తున్నా."

రెయిన్‌కోటు వేసుకుని, టమాటా మొక్కలకు పాతే కర్రలు రెండు చంకన పెట్టుకుని వచ్చాడు. కర్రలు చీలికకు అటూ ఇటూ ఆనించాడు. ప్రేమలీల బ్యాగులోంచి క్రేప్ బ్యాండేజ్ తీసి, విరిగిన కాలికి కట్టినట్టే మెలికలు మెలికలుగా బిగించి కట్టింది.

"ఇలాంటి కట్టు ఎక్కడ నేర్చుకున్నారు?"

"బాపట్ల మిషన్ ఆస్పత్రిలో. అక్కడ కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాళ్లే ఎక్కువ. చెట్టుకు కట్టడం మాత్రం ఇదే మొదటిసారి."

ముగ్గురూ వంటింట్లోకి వచ్చి, తడి బట్టలతోనే టీ తాగుతూ కిటికీలోంచి చూశారు. పిట్టలు రాలేదు. టీ చల్లారింది. ప్రేమలీల ఇంకో టీ పెట్టింది. అదీ చల్లారింది. మనుషులు ముట్టుకున్నారని వదిలేస్తాయేమోనని ఆమె భయం. అలాంటిదేం ఉండదని గ్రాహమ్ అన్నాడు గానీ, ఆయన కళ్లూ చెట్టు మీదే ఉన్నాయి. చివరికి వాన సన్నబడ్డాక పసుపు పట్టీ ఒకటి ఆకుల మధ్య తళుక్కుమంది. తల్లి గూటి అంచున వాలి, అటూ ఇటూ చూసి, మింగి మెత్తబరిచిన గింజల ముద్ద ఒక్కో నోటిలో పెట్టడం మొదలుపెట్టింది. గ్రాహమ్ బల్ల మీద అరచేత్తో కొట్టాడు. ప్రేమలీల కళ్లు తుడుచుకుని, పకోడీలు వేస్తానని లేచింది.

కొన్నాళ్లకు పిల్లలు గూడు దిగాయి. వాటి ముఖానికి ఎరుపు లేదు. బూడిద రంగు తలతో ఏదో మామూలు పిట్టల్లా ఉన్నాయి, రెక్క మీది పసుపు పట్టీ చూస్తే తప్ప ఎవరి పిల్లలో తెలియదు. ఎరుపు తర్వాత వస్తుందని లవ్లీ చెప్పింది. తల్లిదండ్రుల వెంటపడి అరుస్తూ ముళ్లమొక్కల దగ్గరే మకాం పెట్టాయి. ఎండాకాలం ముగిసేదాకా ఆ మొక్కల్ని ఎవరూ పీకలేదు. పీకేటప్పుడు గ్రాహమ్ తన చక్రాలబండి తెచ్చి ఫ్రెడ్రిక్‌కి సాయం పట్టాడు.

చలికాలం వచ్చేసరికి ఎక్కడెక్కడి గోల్డ్‌ఫించ్‌లూ గుంపు కట్టి వీధి చివరి ఖాళీ స్థలంలో వాలడం మొదలుపెట్టాయి. ఒకేసారి లేస్తే పసుపు రంగు చల్లినట్టుంటుంది. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ ప్రేమలీల కారు ఆపించి, దిగి, బాపట్లలో ఉన్న చెల్లెలు కుసుమకు వీడియో కాల్ చేసింది.

"చూడవే, మా పిట్టలు!"

"ఎక్కడక్కా? ఆకాశం తప్ప ఏం కనబళ్లేదు. అసలు నువ్వేంటి, పిట్టల దగ్గరికెళ్లావా?"

"ఉండు, దగ్గరికెళ్లి చూపిస్తా."

ఫోను ముందుకు చాచి, చీర కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని ఆమె గడ్డిలోకి నడిచింది. ఫ్రెడ్రిక్ ఇంజన్ ఆపి, సీటు వెనక్కి వాల్చుకున్నాడు.