దూలం మీద కాగితం ముక్క

"అన్నా, నాయన పోయినాడు" అని ధర్మవరం నుంచి మామ కూతురు ఫోన్ చేసినప్పుడు నేను పెనుకొండలో, మా పఠన మందిరంలో ఉన్నాను. అయ్యో అనడానికి ముందే తలెత్తి పైకప్పు చూశాను. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ పోయినవాళ్ల గురించి అందమైన అబద్ధాలు రాసేవాళ్ల మీద ఇన్నేళ్లు విరుచుకుపడినవాణ్ని. నా వంతు వచ్చేసరికి కన్నీళ్లే ముందొచ్చాయని ఎలా రాయను? ముందొచ్చింది భయం.

ఆయన మా వీధి వడ్రంగి. రక్తసంబంధం లేకపోయినా మామా అని పిలిచేవాణ్ని. మా పఠన మందిరం పాత మట్టిమిద్దె. గోడ నుంచి గోడకు ఒక పెద్ద దూలం, దాని మీద అడ్డంగా దంతెలనే సన్నటి వాసాలు, ఆ పైన బద్దలు, వాటి మీద చౌడు మట్టి. దాని కింద పదహారు మంది ఆడపిల్లలు పోటీ పరీక్షలకు చదువుకుంటారు. కూలికి పోయేవాళ్ల పిల్లలు, ఒంటిగది ఇళ్ల పిల్లలు. టీవీ ఆపమని ఇంట్లో అడగలేనివాళ్లు.

పోయిన వానాకాలం ఒక అధికారి వచ్చాడు. గడప దాటకుండానే పైకి టార్చి వేసి, 'చెక్క పాడైంది, పగుళ్లున్నాయి, ఖాళీ చేయాలి' అని రాసిపోయాడు. పిల్లలు ఎక్కడికి పోవాలో మాత్రం రాయలేదు. వాళ్లెప్పుడూ రాయరు.

ఆ కాగితం తీసుకెళ్లి మామకు చదివి వినిపించాను.

"ఏ చెక్క?" అన్నాడు. "ఆయప్పకు దూలమూ చెక్కే, దంతే చెక్కే, పొయ్యిలో పెట్టే కట్టే చెక్కేనా?"

వచ్చి బెంచీ ఎక్కాడు. చెక్క చెక్కే బాడిశ వెనకవైపుతో ఒక్కొక్కదాన్నీ తట్టి, చెవి ఆనించి విన్నాడు. రెండు దంతెల్లోకి బొటనవేలి గోరు దిగిపోయి పొడి రాలింది. "ఇవి ఇంక కట్టెలప్పా. పొయ్యిలోకే" అన్నాడు. దూలాన్ని కొంచెం గీకి చూపించాడు. "పైనుండే తెలుపును పురుగు తినింది. లోపల చేవ అట్లే ఉండాది. తెలుపు చెట్టు బతికేదానికి, చేవ మనం బతికేదానికి."

దూలం నడుమ ఒక పగులు దగ్గర మాత్రం ఆయన చెయ్యి ఆగిపోయింది.

"నెర్రె అయితే భయం లేదు. మాను ఎండేటప్పుడు మన మడమ పగిలినట్ల పైపైన పగుల్తుంది, ఆడికే నిలిచిపోతుంది. చీలిక అయితే నిలవదు. లోపలికి పోతానే ఉంటుంది."

"ఇది ఏది?"

"తెలీదు."

"నలభై ఏళ్లు పనిచేసి తెలీదంటావా మామా?"

"నలభై ఏళ్లు చేసినాను కాబట్టే తెలీదంటాండా. ఆ ఆఫీసరుకు గడప కాడి నుంచే తెలిసిపోయింది కదా, పోయి ఆయప్పను అడుగు."

రెండు దంతెలూ మార్చాడు. దూలానికి కింద ఒక గుంజ ఊతమిచ్చాడు. హిందూపురం సామిల్లులో కొత్త దూలం కోయించి అక్కడే ఆరబెట్టించాడు. తెచ్చి ఎత్తేద్దామని నేను తొందరపెడితే, "పచ్చిది ఎత్తితే మెలి తిరుగుతుంది. అది ఇంకా చెట్టే, దూలం కాలేదు" అన్నాడు.

ఆ తర్వాత ఏదన్నా కాగితం ఇమ్మన్నాడు. ఆ ఆఫీసును తిడుతూ నేను వేసిన కరపత్రం ఇచ్చాను. అందులోంచి వేలెడు పట్టీ చించి, చింతగింజల బంకతో పగులుకు అడ్డంగా అతికించాడు.

"ఇన్నాళ్లకు నీ రాత ఒక పనికొచ్చింది" అని నవ్వాడు. వెంటనే ఆ నవ్వు పోయింది. "ఇది చినిగితే చీలిక. అప్పుడు నాకు ఫోన్ చేయాకు, ఎవురికీ అర్జీ రాయాకు. ముందు పిల్లోళ్లను బయటికి పంపు."

ఆయనకు ఇంకొక పట్టింపు కూడా ఉండేది. పిల్లలు చెప్పులు గడప ముందు విడవకూడదు, పక్కన గోడ వెంబడి వరసగా పెట్టాలి. నాకు ఒళ్లు మండింది. "ఇదేం గుడా మామా? ఆడపిల్లలకు ఇంకొక కట్టుబాటా?" అని పోట్లాడాను. పంతానికి నా చెప్పులు సరిగ్గా గడప నడుమనే విడిచేవాణ్ని. ఆయన వాటిని రోజూ కాలితో పక్కకు నెట్టేవాడు.

ఒంట్లో బాగాలేక నెల కిందటే ఆయన కూతురింటికి చేరాడు. రైల్లో ధర్మవరం పోయాను. అల్లుడి మగ్గం పక్కనే మామను పడుకోబెట్టారు. మట్టి చేసి వచ్చాక కూతురు అంది: "నిన్న వాన మొదలైనప్పుడు కూడా, ఆ కాగితం ఏమైందో పెనుకొండకు ఫోన్ చేసి కనుక్కో పాపా అన్నాడన్నా. నేనే పనిలో పడి మర్చిపోయినా."

అంటే ఆయనా భయపడుతూనే ఉన్నాడు. నేను ఇన్నాళ్లూ ఆయన ధైర్యం మీద చేరగిలబడ్డాననుకున్నాను. అక్కడ ఉన్నది ధైర్యం కాదు, కాపలా.

తిరుగు రైలు కిటికీకి వాన దంచి కొడుతోంది. దారి పొడుగునా నేను ఆయన గురించి ఆలోచించలేదు. నానుతున్న చౌడు మట్టి బరువు గురించి ఆలోచించాను. స్టేషన్ నుంచి ఆటోలో వచ్చి, చెప్పులు వదిలి లోపలికి ఉరికాను. పెద్దపిల్ల బెంచీ మీద నిలబడి దూలం చూస్తోంది.

"చినగలేదు సార్. తాత చెప్పినట్ల మూడు పూట్లా చూస్తాండాం."

"మీకు చెప్పాడా?"

"ఆ. చినిగితే పరిగెత్తాల కదా సార్. గడపలో చెప్పులుంటే తట్టుకోని ఒకరి మీద ఒకరం పడతామన్నాడు. మీరు లేనప్పుడు రెండుసార్లు పరిగెత్తించి చూసినాడు కూడా."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

ఆ పిల్ల తల వంచుకుంది. "సార్‌తో వాదించేలోపల వాన వచ్చేస్తుందన్నాడు."

నేనూ బెంచీ ఎక్కాను. పగులుకు అటు సగం, ఇటు సగం నా వాక్యం. చినగలేదు, నిజమే. కానీ నడుమ సన్నగా ఒక ముడత కనిపించింది. చెమ్మకు వచ్చిందో, దూలం కదిలి వచ్చిందో నాకు తెలియదు. తెలియదని చెప్పగలిగిన మనిషి కూడా ఇప్పుడు లేడు.

"ఇళ్లకు పోండి. రేపట్నుంచి, హిందూపురం దూలం ఆరి పైకెక్కేదాకా మా ఇంట్లో కూర్చుని చదువుకుందురు" అన్నాను.

ఎవరూ వాదించలేదు. పుస్తకాలు చంకన పెట్టుకుని ఒకరి వెనక ఒకరు, తోపులాట లేకుండా, ఆయన నేర్పినట్టే గడప దాటారు. పదిహేను మంది దాటారు. పదహారో పిల్ల నా చెప్పులకు తట్టుకుని తూలి, ద్వారబంధం పట్టుకుని నిలబడింది. నా వైపు చూసింది. వానలోకి వెళ్లిపోయింది.

చెప్పులను కాలితో పక్కకు నెట్టాను. ఖాళీ అయిన గోడ వెంబడి అవి మాత్రమే తడుస్తున్నాయి.