తొట్టిలో బతుకమ్మ

హుస్సేనీ ఆలంలో పాల కొమురమ్మ అంటే తెలియని గడప లేదు. పొద్దున్నే బర్రెల పాలు పితికి మొఘల్‌పురా దాకా ఇంటింటికీ పోసి వచ్చేది. నవ్వదు, ఏడవదు, ఎవరితోనూ కీచులాడదు. ఆమె గుండె ఎప్పుడో మొద్దుబారిందనేవారు ఇరుగుపొరుగు. అబద్ధమెందుకు, నిజమే.

మూసీకి వరద వచ్చిన ఏడు, ఒడ్డున కట్టేసిన బర్రెలను విప్పడానికి వెళ్లిన కొడుకు నర్సింగ్ తిరిగి రాలేదు. బర్రెలు మాత్రం వాటంతటవే ఇంటికొచ్చాయి. శవం దొరకలేదు. దొరకలేదు కనుక చావలేదని ఆమె లెక్క. ఏ కింది ఊళ్లోనో ఎవరో ఒడ్డుకు లాగి ఉంటారు, అక్కడే ఏదో పని చేసుకుంటున్నాడు. అందుకే ఏటా సద్దుల బతుకమ్మనాడు, నయాపూల్ వంతెన దగ్గర బతుకమ్మను మూసీ నీళ్లలో వదిలేటప్పుడు పూల నడుమ ఒక నువ్వుల ముద్ద పెట్టేది. నీళ్లు కిందికే కదా పోయేది, వాడికి అందుతుంది. భర్త మైసయ్య ఏనాడూ కాదనలేదు. అనే ధైర్యం ఎవరికుంది?

ఈ ఏడు బస్తీ యువజన సంఘానికి ఎక్కడలేని నది ప్రేమ పుట్టుకొచ్చింది. మూసీ పండుగట! గల్లీ మొదట్లో బట్ట మీద నీలిరంగు మూసీ బొమ్మ కట్టారు. ఆ రంగు మూసీని చూసినవాడు సంఘంలో ఒక్కడూ లేడు. మైకు పెట్టి గొంతులు చించుకుని, చివరికి తేల్చిందేమంటే, బతుకమ్మలు ఏట్లో వేయొద్దని. బర్రెలు తాగే సిమెంటు తొట్టిని కడిగి నీళ్లు నింపారు.

"ఏట్ల అంతా మోరీల మురుగు నీళ్లే పెద్దమ్మా, గౌరమ్మను అండ్ల ఎట్లేస్తం? మనం గూడ చెత్త ఏస్తే మూసీ ఇంకింత ఖరాబైతది," అన్నాడు సంఘం పెద్ద వైకుంఠం.

"తొట్టి నీళ్లు యాడికి పోతయి బిడ్డా?"

"యాడికి పోతయి? గాడనే ఉంటయి. రేపు పూలు తీసేస్తం, నువ్వేం ఫికర్ చెయ్యకు."

పాటలయ్యాయి. కొమురమ్మ వంతు వచ్చింది. ఆమె వదిలిన బతుకమ్మ ఒక్క చుట్టు తిరిగి, తొట్టి గోడకు తగిలి ఆగిపోయింది. ముద్ద ఆమె చేతిలోనే ఉండిపోయింది. కాసేపు దాన్ని చూసి, నోట్లో పెట్టుకుని నమిలింది. తియ్యగానే ఉంది. ఏడుపొస్తుందేమో అనుకుంది, రాలేదు.

మైసయ్య దగ్గరికొచ్చాడు. "నడువ్, నయాపూల్‌కు పోదాం. ఇంట్ల ఇంకో ముద్దున్నది, ఆడ ఏసొద్దాం."

"మోరీల ఏసింది పిల్లగాడెట్ల తింటడు?" అంది కొమురమ్మ. "వచ్చే పెత్రమాసకు అయ్యగారికి బియ్యమిద్దాం. నర్సింగ్ పేరు మీద."

పెత్రమాసకు బియ్యమిచ్చేది చచ్చినవాళ్ల పేరు మీదనే. ఇన్నేళ్లూ ఆ మాట ఎత్తలేక దిగమింగుకున్న మైసయ్య తొట్టి పక్కనే కూలబడి, నలుగురూ చూస్తుండగా బావురుమన్నాడు. కొమురమ్మ అతని భుజం మీది కండువా తీసి చేతికిచ్చి, బర్రెలకు గడ్డి వేయడానికి వెళ్లింది.